ప్రస్థానం పెట్టిన కారు

కారు కొన్న రోజు నుంచి నాకొక జబ్బు పట్టుకుంది. ఫోను తీయడం, అందులో కారు బొమ్మ మీద నొక్కడం, బ్యాటరీ ఎంత శాతం ఉందో చూడటం. పొద్దున లేవగానే ఒకసారి, పళ్ళు తోముకుంటూ ఒకసారి, మడి గట్టు మీద నిలబడి ఒకసారి. కారు ఎక్కడికీ పోదు. ఇంటి ముందే, నా కళ్ళ ముందే ఉంటుంది. అయినా సరే చూడాలి. బొమ్మ మీద నొక్కగానే చిన్న చక్రం ఒకటి కాసేపు తిరుగుతుంది, తర్వాత అంకె వస్తుంది. ఆ చక్రం తిరుగుతున్నంతసేపూ నాకు ఊపిరాడదు. అంకె వచ్చాక, నిన్న ఎంతో ఈ రోజూ అంతే ఉందని తెలిశాక, మళ్ళీ మనిషినవుతాను.

"దాన్ని కాసేపు పడుకోనియ్యండయ్యా," అనేది మా ఆవిడ. "నిద్రపోయే బిడ్డని గిల్లి, నిద్రపోతా ఉండావా అని అడిగినట్టుండాది మీ యవ్వారం."

నాకు నవ్వు రాలేదు. నాకు నవ్వు రావాల్సిన చోట కోపం వస్తుంది. ఇది మా నాయన నుంచి వచ్చిన ఆస్తి. మూడెకరాలతో పాటు ఇదీ నా వాటాకు వచ్చింది.

మాది వాకాడు వైపు, సముద్రపు హోరు వినబడేంత దూరంలో ఉన్న ఊరు. ఉప్పుగాలికి ఇనుప గేటు నాలుగేళ్ళు నిలవదు. వరి వేస్తాం, ఇసుక నేలలో కాస్త సరుగుడు తోట ఉంది. కరెంటు ఇంట్లోనే ఉండగా పెట్రోలు కోసం ఊళ్ళు పట్టుకుని తిరగడమెందుకని కరెంటు కారు కొన్నాను. మా ఊళ్ళో అదే మొదటిది. ఎదురింట్లో ఉండే ట్రాక్టరతను, నాకంటే పదేళ్ళు చిన్నవాడు, దాని చుట్టూ రెండుసార్లు తిరిగి, "ఏందన్నా, సెల్‌ఫోను కొన్నావంటే ఏమో అనుకున్నా. నలుగురు కూర్చోవచ్చే!" అన్నాడు. ఆ మాటకి కూడా నాకు కోపమే వచ్చింది.

ఇక మా ఆవిడ సంగతి చెప్పాలి, ఎందుకంటే ఈ కథ కారుది కాదు, ఆవిడది. ఇరవై ఏళ్ళుగా ప్రైవేటు స్కూళ్ళలో పాఠాలు చెబుతోంది. సర్కారు బడిలో టీచరు కావాలని ఆవిడ కోరిక. డీఎస్సీ పరీక్ష మొదటిసారి వచ్చినప్పుడు మాకు కోతలు. కూలీలకు అన్నం ఎవరు వండుతారని నేనే పోనివ్వలేదు. రెండోసారి రాసింది, కొద్దిలో తప్పింది. ఇది మూడోసారి. మళ్ళీ పిలిచేసరికి ఆవిడకి వయసు దాటిపోతుంది. ఆ మాట ఇంట్లో ఎవరం పైకి అనలేదు గానీ ఇద్దరికీ తెలుసు. కాబట్టి ఆ శుక్రవారం పొద్దున తొమ్మిది లోపల ఆవిడ నాయుడుపేటలో పరీక్ష జరిగే కాలేజీ గేటు దాటి లోపలికి పోవాలి. తొమ్మిది కొట్టగానే గేటు మూస్తారు. ఒక్క నిమిషం దాటినా రానివ్వరు.

పరీక్షకి ముందు మూడు నెలలూ ఆవిడ చదువు మీద కూడా నా కన్ను అట్లాగే ఉండేది. "ఎన్ని పాఠాలయినాయి?" అని అన్నం తినేటప్పుడు. "సైకాలజీ అయిందా?" అని నిద్రపోయే ముందు. ఆవిడ పుస్తకం మీద వేలు పెట్టుకుని తలెత్తి, "మీరడక్కుండా ఉంటే ఇంకో రెండయ్యేవి," అనేది. దాన్ని నేను పట్టించుకోలేదు. మొదటిసారి పోనివ్వని పాపం నాది. ఈసారి నా చేతులతో, నా కారులో, గేటు దాకా దింపాలని పట్టుబట్టాను. కారుకేమన్నా అవుతుందేమోనని పదకొండు రోజుల ముందు నుంచీ దాన్ని కదపలేదు. నిండా చార్జింగు పెట్టి, పట్టా కప్పి, పెళ్ళికి దాచిన పట్టుచీరలా దాచాను. రోజుకి పాతికసార్లు ఫోనులో చూసుకున్నాను, అంతే.

గురువారం మధ్యాహ్నం ఆవిడ, "నేను సందకాడ బస్సుకి పోతాను. నాయుడుపేటలో నాతో చదువుకున్నామె ఉండాది, రాత్రికి వాళ్ళింట్లో పడుకుంటా," అంది.

"ఇంట్లో కారు పెట్టుకుని ఒకరింటికి పోతావా? నన్ను నలుగురూ ఏమనుకుంటారు?" అన్నాను.

"నలుగురూ ఏమీ అనుకోరు. వాళ్ళకి వేరే పనులుండాయి."

"నువ్వు పోతే పో. నేను మాత్రం కారెక్కను ఇంక, అమ్మేస్తా." ఇలాంటి మాటలు అనడం నాకు బాగా వచ్చు. ఆవిడ నా మొహం చూసి, చేతిలో మడత పెడుతున్న చీరని మళ్ళీ బీరువాలో పెట్టేసింది.

కానీ శుక్రవారం పడమర శూల. మా ఊరికి నాయుడుపేట పడమరే. పైగా పొద్దున్నే వర్జ్యం. నేను చదువుకున్నవాణ్ణే, శూలనీ వర్జ్యాన్నీ నమ్ముతానా అంటే నమ్మను. అట్లని దాటుతానా అంటే దాటను. దానికి మా ఇళ్ళలో ఉపాయం ఉంది, ప్రస్థానం పెట్టడం. ప్రయాణపు రోజు మంచిది కాకపోతే, ముందురోజే మంచి గడియ చూసి, తీసుకుపోయే వస్తువుల్లో ఒకటి గడప దాటించి వేరే చోట పెడతాం. అంటే మనిషి అప్పుడే బయల్దేరినట్టు లెక్క. ఒకసారి పెట్టాక దాన్ని మళ్ళీ ఇంట్లోకి తేకూడదు. తెస్తే బయల్దేరిన మనిషి వెనక్కి తిరిగొచ్చినట్టే.

మేమెప్పుడు ప్రస్థానం పెట్టినా ఎదురింట్లోనే పెడతాం. వాళ్ళు క్రైస్తవులు. "మాకీ వర్జ్యాలూ గిర్జ్యాలూ లేవన్నా, ఒక్క ప్రార్థన చేసుకుని బండెక్కేస్తాం," అని నవ్వుతాడు ఆ ట్రాక్టరతను. నవ్వుతూనే మా సంచి తీసుకుని వాళ్ళ బైబిలుండే బల్ల పక్కన జాగ్రత్తగా పెడతాడు. ఆ సాయంత్రం కూడా మా ఆవిడ సంచి సర్దింది. హాల్‌టికెట్టు, ఆధార్ కార్డు, రెండు ఫోటోలు, కళ్ళజోడు, పెన్నులు. అడుగున పసుపుకొమ్ము, గుప్పెడు బియ్యం మూటకట్టి పెట్టింది. చెప్పులేసుకుని ఎదురింటికి పోబోయింది.

"వాళ్ళింటికెందుకు? కారు ఇంటికి బయట పెడతాను, డిక్కీలో పెట్టు. గడప దాటినట్టూ అవుతుంది, పొద్దున్నే ఎక్కి పోవడమే," అన్నాను. నా తెలివికి నేనే మురిసిపోయాను. పట్టా తీసి, కారు గేటు బయట రోడ్డు వారగా పెట్టాను. అయిదుంబావుకి మంచి గడియ. ఆవిడ తూర్పుకి తిరిగి దండం పెట్టుకుని సంచి డిక్కీలో పెట్టింది. మూత దానంతటదే మెల్లగా దిగి మూసుకుంది. అది చూస్తే నాకెప్పుడూ ముచ్చటే.

దీపాలు పెట్టే వేళకి ఫోనులో ఎర్రగా ఒక హెచ్చరిక వచ్చింది. బ్యాటరీ తక్కువగా ఉంది, వాహనాన్ని ఆన్ చేసి కాసేపు ఉంచండి అని దాని సారాంశం. బొమ్మ మీద నొక్కాను. చక్రం తిరిగింది. ఎనభై నాలుగు. పదకొండు రోజుల్లో ఒక్కొక్కటిగా ఎనభై నాలుగుకి దిగిందని కాస్త చివుక్కుమంటూనే ఉంది గానీ, ఎనభై నాలుగు తక్కువా? నాయుడుపేటకి రెండుసార్లు పోయి రావచ్చు. "వెధవ బండి! బ్యాటరీ నిండుగా పెట్టుకుని లేదు లేదని ఏడుస్తుంది," అని తిట్టాను.

ఆవిడ ఫోను తీసుకుని హెచ్చరిక మొత్తం చదివింది. టీచరు కదా, ఏదైనా చివరిదాకా చదువుతుంది. "వాళ్ళు తక్కువని రాస్తే యాడో ఒకచోట తక్కువుంటేనే గదా రాస్తారు. దాంట్లో ఇంకో బ్యాటరీ ఏమన్నా ఉండాదేమో. పుస్తకం తీసి చూడండి."

పుస్తకం కారులోనే ఉంది. "కరెంటు కారుకి ఇంకో బ్యాటరీ దేనికి? నీళ్ళ ట్యాంకుకి తోడుగా చెంబా?" అన్నాను.

"పోనీ లోపలికి తెచ్చి చార్జింగన్నా పెట్టండి."

"ప్రస్థానం పెట్టిన బండిని ఇంట్లోకి తెస్తానా?"

"అయితే వాళ్ళు చెప్పినట్టు అట్నే ఉంచి స్టార్టు చేయండి."

"స్టార్టు చేస్తే ఇంక నాయుడుపేట దాకా పోవాల్సిందే. లేకపోతే తాకకూడదు." ఈ శాస్త్రం నాకెవరూ చెప్పలేదు. అప్పటికప్పుడు పుట్టించాను. కోపంలో నాకు శాస్త్రాలు బాగా పుడతాయి.

అన్నం తిన్నాక ఆవిడ, "హాల్‌టికెట్టు ఒక్కసారి తెచ్చుకుని చూస్తా, కాలేజీ పేరు సరిగ్గా చూసుకున్నానో లేదో," అంది. దానికీ వద్దన్నాను. పెట్టింది తీయకూడదు అన్నాను. ఆవిడ పుస్తకాలు ముందేసుకుంది. నేను మంచం మీద కూర్చుని, ఎనభై నాలుగు ఎనభై మూడు అవుతుందేమోనని ఫోను చూసుకుంటూ ఉన్నాను. ఎన్నిసార్లు నొక్కానో లెక్కలేదు. కావలి కాస్తున్నాననే అనుకున్నాను.

పొద్దున ఆరున్నరకి ఆవిడ నీలం అంచు చీర కట్టుకుని, తలలో పువ్వు పెట్టుకుని బయటికి వచ్చింది. ఆరింటి బస్సు అప్పటికే పోయింది. అది పోతుంటే శబ్దం నేను విన్నాను కూడా. నేను దర్జాగా కారు దగ్గరికి పోయి తాళం మీట నొక్కాను.

ఏమీ కాలేదు. మామూలుగా అయితే కూ అని అరుస్తుంది, లైట్లు మిటకరిస్తాయి, తలుపుల పిడులు బయటికి వస్తాయి. ఏదీ లేదు. మళ్ళీ నొక్కాను. దగ్గరికి పోయి నొక్కాను, అద్దానికి ఆనించి నొక్కాను. తలుపు మీద పట్టుకోవడానికి చెయ్యి కూడా ఆనదు, నున్నగా గోడలా ఉంది. ఫోను తీసి బొమ్మ మీద నొక్కాను. చక్రం తిరిగింది, తిరిగింది, తిరుగుతూనే ఉంది. చివరికి వాహనం అందడం లేదని వచ్చింది. కింద మాత్రం పాత అంకె అట్లాగే ఉంది. ఎనభై నాలుగు.

"ఏందండీ?" అంది ఆవిడ.

"ఏం లేదు, ఒక్క నిమిషం," అన్నాను. కారుని అరచేత్తో ఒక్కటి చరిచాను. చెయ్యి మంట పుట్టింది గానీ దానికి చీమ కుట్టినట్టు కూడా లేదు.

చప్పుడుకి ఎదురింటతను పళ్ళపుల్ల నోట్లో పెట్టుకుని వచ్చాడు. విషయం వినగానే పుల్ల ఉమ్మేశాడు. "వదినని నా బండి మీద దించేస్తానన్నా. ఇప్పుడు పోతే ఎనిమిదిలోపల పోతాం. పద వదినా."

"హాల్‌టికెట్టు లోపలుండాది," అంది మా ఆవిడ.

"ఇంకోటి తీయించుకుంటే?"

"నెట్ సెంటరు తొమ్మిదికి గాని తెరవరు. ఆధార్ కార్డూ దాంట్లోనే ఉండాది." అని ఆవిడ నా వైపు చూడకుండా ఇంట్లోకి పోయింది.

బయటికి వచ్చేటప్పుడు ఆవిడ చేతిలో పచ్చళ్ళు నూరే పొత్రం ఉంది. నల్లటి గుండ్రాయి, మా అమ్మ కాలం నాటిది. "వెనక అద్దం పగలగొట్టండి. సంచి తీసుకుని నేను బండి మీద పోతాను," అంది. గొంతు పెంచలేదు. ఆరూ నలభై అప్పుడు.

ఇక్కడే నేను చేసిన పని చెప్పాలి. ఇప్పటికీ చెప్పడానికి నోరు రాదు. నేను ఆవిడ మణికట్టు పట్టుకున్నాను. "పిచ్చి పట్టిందా? ఎనిమిది నెలల కారు! ఒక్క నిమిషం ఆగు, కంపెనీకి ఫోను చేస్తున్నాను గదా," అన్నాను. ఆవిడ నా చేతి వైపు చూసింది, అద్దం వైపు చూసింది. పొత్రం దించేసింది. కింద పెట్టలేదు, పక్కన పట్టుకుని నిలబడింది.

ఫోను చేశాను. పాట వచ్చింది. ఒకటి నొక్కమన్నారు, నాలుగు నొక్కమన్నారు, మళ్ళీ పాట. చివరికి ఒకమ్మాయి పలికింది. చాలా మర్యాదగా మాట్లాడింది. ఆ మర్యాదకి నా ఒళ్ళు మండిపోయింది. చాసిస్ నంబరు చెప్పమంది. కాగితాలు కారులో ఉన్నాయన్నాను. అద్దం లోపల కింద మూల నంబరు ఉంటుంది చూడమంది. రాత్రి మంచుకి, ఉప్పుకి అద్దం మసకబారి ఉంది. లుంగీతో తుడిచి, ఒక్కొక్క అక్షరం చదువుతుండగా ఫోను కట్టయింది. మా వీధిలో సిగ్నలు గాలివాటం. మిద్దె ఎక్కి మళ్ళీ చేశాను. మళ్ళీ పాట, మళ్ళీ ఒకటి, నాలుగు. ఈసారి వేరే అమ్మాయి, మొదటి నుంచి చెప్పమంది. పైనుంచి చూస్తే కింద మా ఆవిడ కనిపిస్తోంది. కారు పక్కన నిలబడి, పెదాలు కదుపుతూ, చదివినవి వల్లె వేసుకుంటోంది. ఎదురింటతను ఇక ఉండలేక, పొలంలో ఉన్న ట్రాక్టరు బ్యాటరీ విప్పుకొస్తానని బండేసుకుని పోయాడు. ఆ ఒక్క బండీ పోయింది. పొమ్మన్నదీ నేనే.

ఏడుం ముప్పావుకి ఆ రెండో అమ్మాయి, "సర్, మీ చేతిలో ఉన్న కీ పక్కన చిన్న బటన్ ఉంటుంది. నొక్కి లాగండి. లోపల మామూలు తాళంచెవి ఉంటుంది," అంది.

లాగాను. వచ్చింది. ఎనిమిది నెలలుగా జేబులో వేసుకుని తిరుగుతున్న దాని పొట్టలో సన్నటి ఇనుప తాళంచెవి ఒకటి ఉంది! ఏడవాలో ఎవరిని తిట్టాలో తెలియలేదు. మెట్లు రెండేసి దిగి వచ్చి, పిడి పక్కన మూత పీకి, తాళం తిప్పాను. తలుపు తెరుచుకుంది. డిక్కీ తెరుచుకోలేదు, దానికీ కరెంటే కావాలట. వెనక సీట్లు పడేసి, పిల్లిలా లోపలికి పాకి, చేతికందిన సంచి ఆవిడకిచ్చాను. ఆవిడ సంచి గుండెలకి పట్టుకుని రోడ్డు చివరకి పరిగెత్తింది, ఏదన్నా ఆటో వస్తుందేమోనని. పొద్దున పోయే ఆటో ఎప్పుడో పోయింది. చీర కుచ్చిళ్ళకి ఇసుక అంటుకుని వెనక్కి వచ్చింది.

"పెద్ద బ్యాటరీ బాగానే ఉంది సర్," అని చెబుతోంది ఆ అమ్మాయి, ఈసారి కిందికి దిగినా కట్టవ్వని ఫోనులో. "చిన్న బ్యాటరీ ఒకటి ఉంటుంది, మామూలు కార్లలో ఉండేలాంటిదే. తాళాలు, లైట్లు, పెద్ద బ్యాటరీని లేపడం, అన్నీ దాని పనే. అది డౌన్ అయింది." ట్యాంకు నిండా నీళ్ళున్నాయి, చెంబు లేదు. ఏనుగు పోయి తోక చిక్కిందంటారే, అదీ నా బతుకు.

ఎదురింటతను ఎనిమిదికి తిరిగొచ్చాడు. ఇక బండి మీద పోతే తొమ్మిదికి అందదు, కారే దిక్కు. బండి ముందు ట్రాక్టరు బ్యాటరీ, మెడలో రెండు లావుపాటి వైర్లు, కాళ్ళకి మోకాళ్ళ దాకా బురద. ఆ అమ్మాయి చెబుతుంటే ఎరుపుకి ఎరుపు, నలుపుకి నలుపు కలిపాడు. నేను సీట్లో కూర్చుని నొక్కాను. కూ అంది. తెర వెలిగింది. ఎనభై నాలుగు శాతం, శుభోదయం అని చూపించింది. "ఓ గంట దాకా ఆపొద్దు సర్," అంది ఆ అమ్మాయి. మా ఆవిడ ఎక్కి కూర్చుంది. ఎదురింటతను తలుపు వేస్తూ, "దేవుడుండాడు వదినా, భయపడొద్దు. బిన్నా పోనీ అన్నా, టైము లేదు!" అన్నాడు. ఎనిమిదీ పది.

ఆ దారి గంట పడుతుంది. నేను అంతకంటే తక్కువలో పోగలననుకున్నాను. కారు మాత్రం బ్రహ్మాండంగా పోయింది. శబ్దం లేదు, కుదుపు లేదు. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని నోట్సు తీసింది గానీ పేజీ తిప్పలేదు. కోట దాటాక సన్నటి రోడ్డు మీద వరికోత మిషను ఒకటి అడ్డం వచ్చింది. పక్కకి దిగడానికి రోడ్డు వారన వడ్లు ఆరబోసి ఉన్నాయి. హారను మోగించాను, తల బయట పెట్టి అరిచాను. ఆ మిషను తోలే మనిషి చెయ్యి ఊపి, ముందు కల్వర్టు దాటాక ఇస్తానని సైగ చేశాడు. అతని తప్పేం లేదు. ఆరబోసినవాళ్ళదీ తప్పు లేదు, మేమూ ఆరబోస్తాం. తిట్టడానికి న్యాయంగా ఒక్కడు కూడా దొరకని ప్రయాణం అదొక్కటే నా జన్మలో.

"ఎంతయింది?" అంది ఆవిడ.

"ఎనభై ఒకటి," అన్నాను.

"టైము అడిగాను," అంది.

కాలేజీ ముందు ఆగేసరికి తొమ్మిదీ నాలుగు. గేటు మూసి ఉంది. ఆవిడ కారు పూర్తిగా ఆగకముందే దిగి పరిగెత్తింది. ఊచల్లోంచి హాల్‌టికెట్టు లోపలికి చాపి పట్టుకుంది, చూస్తే తీస్తారన్నట్టు. లోపలున్న కాపలా అతను పెద్దాయన. "నా చేతుల్లో లేదు తల్లీ. కెమెరాలు ఉండాయి. నా ఉద్యోగం పోతాది," అన్నాడు. నేను పోయి గేటు పట్టుకుని ఊపాను. అరిచాను. కారు చెడిపోయిందన్నాను, ఇరవై ఏళ్ళ అనుభవమన్నాను, వయసు దాటిపోతుందన్నాను. కాళ్ళు పట్టుకుంటానన్నాను. అన్నమాటే గాని మధ్యలో గేటుంది, కాళ్ళు అందవు. నా కోపం ఎందుకూ పనికిరాలేదు. యాభై ఏళ్ళు దాని మీదే బతికినవాణ్ణి, అది కాస్తా పోతే నిలబడటం కూడా తెలియలేదు.

"గమ్మునుండండి," అంది మా ఆవిడ. "లోపల రాసుకునేవాళ్ళుంటారు."

హాల్‌టికెట్టు మడిచి సంచిలో పెట్టుకుంది. వచ్చి కారులో కూర్చుంది. కారు ఆపలేదు, ఆపితే మళ్ళీ లేస్తుందో లేదోనని భయం. అది అట్లా వెలుగుతూ ఉంది, మేం అట్లా కూర్చుని ఉన్నాం. అప్పుడు ఫోను మోగింది. ఆ రెండో అమ్మాయే, కారు బాగుందా అని కనుక్కోవడానికి. కారులో ఫోను మోగితే మాట స్పీకర్లలోంచి వస్తుంది, నేను ఆపేలోపే.

"మీ కారు రికార్డు చూశాను సర్. పదకొండు రోజులు నడపలేదు. కానీ యాప్ చాలాసార్లు తెరిచారు. తెరిచిన ప్రతిసారీ కారు నిద్రలేచి మీకు జవాబు చెప్పాలి కదా సర్, ఆ లేవడానికి చిన్న బ్యాటరీయే వాడుకుంటుంది. నిన్న ఒక్క రాత్రే చాలాసార్లు లేపారు. కాస్త తగ్గించండి సర్. ఇంకేమైనా సహాయం కావాలా?"

వద్దన్నాను. కట్టయింది. ఇక తిడుతుంది అనుకున్నాను. తిట్టమనే కోరుకున్నాను, తిడితే నేనూ ఏదో ఒకటి అనొచ్చు. ఆవిడ తిట్టలేదు. పక్కకి తిరిగి, అద్దంలోంచి బయటికి చూస్తూ, మామూలు గొంతుతోనే అంది. "సంచి మంచి గడియలోనే బయల్దేరిందండీ. నిన్న దాంతో పాటు నన్ను కూడా బస్సెక్కనిచ్చి ఉంటే సరిపోయేది."

నేను స్టీరింగు మీద తల పెట్టుకుని ఏడ్చాను. హారను మోగింది. కాపలా పెద్దాయన తొంగి చూశాడు. తల ఎత్తి కళ్ళు తుడుచుకుంటుంటే ఆవిడ కాళ్ళ దగ్గర నల్లగా ఏదో కనిపించింది. పొత్రం. ఆరూ నలభైకి చేతిలో పట్టుకున్నది కారెక్కేదాకా ఆవిడ ఎక్కడా వదల్లేదు. ఆటో కోసం పరిగెత్తినప్పుడు కూడా ఒక చేత్తో సంచి, ఒక చేత్తో అదే. నేను చూడలేదు. నేను అంకెలు చూస్తున్నాను.

ఫోనులోంచి ఆ కారు బొమ్మ ఆ రోజే తీసేశాను. వారానికోసారి కారు నడుపుతున్నాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడంలో నన్ను మించినవాడు లేడు. ఆవిడ మళ్ళీ ఆ ప్రైవేటు స్కూలుకే పోతోంది. సాయంత్రం వచ్చాక ఏం పాఠం చెప్పావని అడగబోయి నోరు మూసుకుంటాను.

పొత్రం ఆవిడ ఇంట్లోకి తేలేదు. పచ్చళ్ళు మిక్సీలో వేస్తోంది. అది ఇప్పటికీ కారులోనే ఉంది, ఆవిడ కూర్చునే సీటు కింద. మలుపు తిరిగినప్పుడల్లా దొర్లి చప్పుడు చేస్తుంది. మొన్న కారు కడిగేవాడు తీసి బయట పెట్టబోతే, "ఉండనీ, అది నాది," అంది.

కారు కడిగాక చూశాను. వెనక అద్దం మీద ఒక్క గీత కూడా లేదు.